మావయ్యకి నమస్తే చెప్పు

మా వదిన, అంటే మా ఆయన అక్క, వేసవిలో తోట నుంచే ఫోన్‌లో లైవ్ పెట్టి మామిడిపళ్ళు అమ్ముతుంది. నూజివీడు రసాలంటే ఎక్కడెక్కడి వాళ్ళో చూస్తారు. డిగ్రీ చదివానని కామెంట్లు చూసే పని నాకప్పగించింది. పాకలో గడ్డి పరిచి మాగేసిన కాయల పక్కన ఆవిడ కూర్చుంటే, నేను తడిక వెనక ఇంకో ఫోన్‌తో కూర్చుని బూతులు తీసేసేదాన్ని, మాట వినని వాళ్ళని బ్లాక్ చేసేదాన్ని. లైవ్‌లోకి వచ్చి మాట్లాడతామన్నవాళ్ళని మాత్రం ఆవిడే తీసుకునేది. గేటు దాకా వచ్చిన మనిషిని లోపలికి రమ్మనకుండా ఎలా ఉంటామనేది.

కిందటి వేసవిలో ఒకాయన వచ్చాడు. మొహం చూపించలేదు. తెర మీద నల్లటి గడి, అందులోంచి మర్యాదైన గొంతు. హనుమాన్ జంక్షన్ నుంచి తోటకి ఎలా రావాలో అడిగాడు. ఆవిడ వివరంగా చెప్పింది. తర్వాత, మొన్న మీ వెనక ఆడుకుంటూ కనిపించిన పాప ఏదండీ అన్నాడు.

అప్పటికి మా పాపకి నాలుగేళ్ళు. ఇంటికి ఎవరొచ్చినా పిల్లల్ని పిలిచి, వరస చెప్పి దణ్ణం పెట్టించడం మా ఇంట్లో అలవాటు. వదిన అదే చేసింది.

"రామ్మా, మావయ్యకి నమస్తే చెప్పు."

పాప ఫోన్ ముందు నిలబడి చేతులు జోడించింది.

"అమ్మ పనిలో ఉంటే నువ్వెక్కడ ఆడుకుంటావు, బంగారం?"

నేను అతన్ని తీసేసేలోపే పాప చెప్పేసింది.

"బోరు దగ్గర."

వదినకి కోపమొచ్చింది. కొనే మనిషిని గెంటేశావంది. చూసేవాళ్ళు కూడా ఆయన్నెందుకు తీసేశారని అడుగుతున్నారు. అంతలో కొత్త పేరుతో ఒక కామెంట్ పడింది. బోరు ఇంటికి దూరమా అని. అది వదినకి చూపించాను. చదివి లైవ్ ఆపేసింది.

ఆ పేరునీ బ్లాక్ చేసి, రిపోర్ట్ కొట్టాను. పాప కనిపించిన పాత వీడియోలన్నీ తీసేశాం. అతను విన్నది మాత్రం అతని దగ్గరే ఉండిపోయింది. పాపని మళ్ళీ బోరు వైపు పోనివ్వలేదు. ఆ మావయ్య ఎప్పుడొస్తాడని పాప చాలా రోజులు అడిగింది. మావయ్య కాదమ్మా అంటే, మరి అత్త చెప్పిందిగా అనేది. తోట బయట తెలియని బండి ఆగితే ఇప్పటికీ నా పని ఆగిపోతుంది. ఇది రాస్తూ కూడా లేచి తలుపు గడియ చూసొచ్చాను.

ఈ వేసవి మళ్ళీ లైవ్ పెడుతున్నాం. అడిగినవాళ్ళు ఎవరో నేను చూశాకే లోపలికి వస్తారు. నిన్న లైవ్‌లో, ఏటా మా దగ్గరే పళ్ళు తెప్పించుకునే పెద్దావిడ, పాప బాగుందా అని ప్రేమగానే అడిగింది.

తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, సరదాకి కూడా చెడ్డమాట అనని మనిషి మా వదిన. తల ఎత్తకుండా కాయలు సర్దుతూ అంది.

"మా ఇంట్లో పిల్లలెవరూ లేరండీ."

తడిక వెనక పాప నా ఒళ్ళోనే ఉంది. నా మొహంలోకి చూసింది.

"అమ్మా, నేను లేనా?"

ఉన్నావని చెప్పాను. ఫోన్‌కి వినపడకుండా, దాని చెవిలో.