అరచేతికి అంగుళం అవతల

సముద్రం ఎవరినీ రమ్మని పిలవలేదు. అయినా వస్తారు. పొద్దున్న తొమ్మిది దాటితే చాలు, బస్సులు వచ్చి గట్టు మీద జనాన్ని గుమ్మరించి పోతాయి. దిగినవాళ్ళు దిగినట్టే నీళ్ళకి వీపు తిప్పి నిలబడి ఫోన్లు పైకెత్తుతారు. అంత దూరం నుంచి వచ్చి నీళ్ళకి వీపు చూపించడం ఏమిటో పద్నాలుగేళ్ళుగా అతనికి అర్థం కాలేదు. అర్థం చేసుకుందామని అతను అనుకోనూ లేదు.

గట్టు పొడవునా ఉన్న ఇనుప రెయిలింగ్ తుడవడం అతని పని. నీలం టోపీ, బకెట్టు, రెండు గుడ్డలు, అంటించిపోయిన బబుల్‌గమ్ గీకడానికి ఒక రేకు ముక్క. ఈ చివర మొదలుపెట్టి ఆ చివరికి చేరేసరికి మధ్యాహ్నమవుతుంది. తల తిప్పి చూస్తే మొదటి చివర మళ్ళీ వేలిముద్రలు, కరిగిన ఐస్‌క్రీమ్, ఎవరిదో బుగ్గ ఆనిన పౌడరు మచ్చ. పొగమంచు పట్టిన ఉదయాల్లో మాత్రం ఆ ఇనుము ఒక్కటే, ఎవరూ మీటని తీగలా, తడిగా మెరుస్తూ ఉంటుంది. ఆ కాసేపూ అతనికి ఉద్యోగం మీద ప్రేమ పుడుతుంది. మంచు విడిపోతుంది, మొదటి బస్సు వస్తుంది, ప్రేమ చచ్చిపోతుంది.

తోటివాళ్ళు అతన్ని దొర అంటారు. గట్టు మీద రంగులు వేసే ముసలాయన పెట్టిన పేరది.

"మనం వీళ్ళు పారేసిన చెత్త ఏరుకుంటాం. దొరగారు వీళ్ళనే చెత్తలో కలిపేస్తారు," అంటాడాయన.

"కలిపేదేముంది, కలిసే వస్తారు," అంటాడు దొర.

నీళ్ళకి అవతల రాతిగుట్ట మీద తెల్లటి దీపస్తంభం ఉంది. జనమంతా దాని కోసమే వస్తారు. చూడ్డానికి కాదు, అరచేతిలో పెట్టుకోడానికి. గట్టు మీద రెండు పసుపు వలయాలు గీసి ఉంటాయి. ఒకదాంట్లో నిలబడి కుడిచెయ్యి చాపాలి. రెండోదాంట్లోంచి ఫోటో తియ్యాలి. అప్పుడు దీపస్తంభం అరచేతిలో నిలబెట్టిన అగ్గిపుల్లలా పడుతుంది. తుఫాను రాత్రుల్లో ఓడలకి దారి చూపించినది, పగలంతా ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేతుల్లో పిల్లిపిల్లలా కూర్చుంటుంది. ఆ సిగ్గు దానికి లేకపోయినా దొరకి ఉండేది.

ఫోటో తీసిపెట్టమని అందరూ అడిగేది అతన్నే. ఎప్పుడూ అక్కడే ఉంటాడు, ఫోను పట్టుకుని పారిపోడు. చేరిన ఏడాది ఒక పెద్దమనిషి చిటికేసి పిలిచి ఫోను చేతిలో పెట్టాడు. దొర శ్రద్ధగా, మోకాలు వంచి మరీ తీశాడు. ఆ పెద్దమనిషి ఫోను తీసుకుని, ఫోటో చూసుకోకముందే, జేబురుమాలు తీసి ఫోనంతా తుడుచుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి దొర వలయంలో నిలబడలేదు. అరడుగు ఎడమకి జరిగి నిలబడేవాడు. దీపస్తంభం వేళ్ళ కొనలు దాటి, సరిగ్గా ఒక్క అంగుళం అవతల, గాల్లో తేలేది. ఎండలో ఫోను తెర కనపడదు. వాళ్ళు చూసీ చూడనట్టు చూసుకుని, థాంక్స్ చెప్పి బస్సెక్కేవారు. ఏ ఊరికో చేరాక, ఏ గదిలోనో కూర్చుని చూసుకుంటే, ఏమీ లేని చెయ్యి చాపి ఏదో అడుక్కుంటున్నట్టు పళ్ళికిలిస్తున్న తమ మొహం. ఆ మొహాలని ఊహించుకుంటూ రెయిలింగ్ తుడిస్తే గుడ్డ ఎంత తేలిగ్గా జారేదో.

అతని భార్య చొక్కాలు కుట్టే కంపెనీలో కాలర్లు కుడుతుంది. పొడవాటి హాలు, ముప్ఫై మిషన్లు. ఇంచుమించు ప్రతి మిషను మీదా ఒక ఫోటో, అందులో ఒక అరచెయ్యి, ఆ అరచేతిలో ఒక దీపస్తంభం. ఊళ్ళో ఉన్నవాళ్ళందరూ ఎప్పుడో ఒకసారి వెళ్ళి తీయించుకున్నవే. ఆమె మిషను మీద మాత్రం ఖాళీ. తీసుకెళ్ళమని అడిగినప్పుడల్లా అతను ఒకటే మాట అనేవాడు. "అక్కడేముంది, నీళ్ళూ వెధవలూ."

పక్క మిషను మీద కాజాలు కుట్టే ఆవిడ ఊరుకునే రకం కాదు.

"మీ ఆయన నిజంగా అక్కడే పనిచేస్తాడా వదినా? లేకపోతే పొద్దున్నే టోపీ పెట్టుకుని ఇంకెక్కడికైనా పోతున్నాడా? కట్టుకున్నదానికి ఒక్క ఫోటో దిక్కులేదు."

ఆ కాజాలావిడే తన పాత ఫోటో వెలిసిపోయిందని, చెల్లెల్ని వెంటబెట్టుకుని కొత్తది తీయించుకోడానికి వెళ్ళింది. సోమవారం మండిపడుతూ వచ్చింది.

"చూడు వదినా దీని అందం. నీలం టోపీవాడు తీశాడు, గట్టు తుడిచేవాడు. చేతులా అవి, చేటలా?"

నీలం టోపీ అనగానే భార్య ఫోటో చేతిలోకి తీసుకుంది. కాలరు కొన రెండు పోగులు పక్కకి పోయినా పట్టేసే కళ్ళు ఆమెవి. హాల్లో ఇలాంటివే ఇంకో రెండు ఉన్నాయని గుర్తొచ్చింది. భోజనాల వేళ వెళ్ళి చూసింది. మెడలో వేలాడే టేపుతో కొలిచింది. మూడూ ఒకే వైపు, మూడూ ఒకే ఎడం. చేతకానివాడు ఒకసారి ఇటు తప్పుతాడు, ఒకసారి అటు తప్పుతాడు. ప్రతిసారీ ఒకే కొలతలో తప్పాలంటే చాలా పనితనం కావాలి.

సాయంత్రం ఇంట్లో ఉతికిన బట్టలు మడతపెడుతూ అడిగింది.

"జనానికి ఫోటోలు తీస్తుంటారా మీరు?"

"అడుగుతారు. తీస్తాను."

"బాగా వస్తాయా?"

"వాళ్ళ మొహాలకి అంతకంటే బాగా ఎలా వస్తాయి."

నీలం చొక్కా మడతపెట్టి, కాలరు మీద అరచేత్తో ఒక్కసారి గట్టిగా రుద్దింది.

ఆదివారం పదకొండింటికి దొర బకెట్లో గుడ్డ పిండుతూ తలెత్తితే, పసుపు వలయం దగ్గర వరసలో, చూడ్డానికొచ్చినవాళ్ళ మధ్యలో, భార్య నిలబడి ఉంది. తన వంతు రాగానే ఫోను చాపింది.

"అయ్యా, ఒక ఫోటో తీసిపెడతారా?"

"నువ్వెందుకొచ్చావ్?"

"అందరూ ఎందుకొచ్చారో అందుకే. కాజాలావిడతో చెప్పాను, మా ఆయన చేత తీయించుకొస్తానని. రేపు మిషను మీద అతికించాలి." గొంతు తగ్గించి అంది, "మూడు ఫోటోలు కొలిచి చూశాను. అది వాళ్ళకి. నాకెలా తీస్తారో చూద్దామని."

ఆమె వెళ్ళి వలయంలో నిలబడి చెయ్యి చాపింది. సూది పోట్లకి గట్టిపడిన వేళ్ళు, మధ్యలో చిన్న పల్లంలా అరచెయ్యి. గాలికి కొంగు కొట్టుకుంటోంది. నవ్వలేదు.

దొర ఎన్నో ఏళ్ళ తర్వాత వలయంలో రెండు కాళ్ళూ పెట్టాడు. మోకాలు వంచాడు. నొక్కాడు. టోపీ తీసి తెరకి నీడ పట్టి చూశాడు. దీపస్తంభం వేళ్ళకి అంగుళం అవతల ఉంది.

మళ్ళీ తీశాడు. అంగుళం. ఊపిరి బిగబట్టి తీశాడు. అంగుళం. కాళ్ళు వలయంలోనే ఉన్నాయి. కానీ నొక్కే క్షణానికి నడుము దానంతటదే ఎడమకి వాలుతోంది. వాలుతున్నట్టు తెలుస్తోంది, ఆగడం లేదు. నీళ్ళవతల ఆ తెల్లటి కట్టడం అతని వంక నిమ్మళంగా చూస్తోంది.

వరసలో గొణుగుడు మొదలైంది. నల్లకళ్ళద్దాల లావుపాటాయన ముందుకొచ్చాడు.

"ఇలా ఇవ్వండమ్మా, నేను తీస్తాను. పాపం ఆయనకి చేతకావట్లేదు."

పాపం అన్నాడు. దొర చెవులు కాలిపోయాయి.

"వద్దండీ. ఆయనే తియ్యాలి," అంది భార్య చెయ్యి దించకుండా.

పదకొండో ఫోటో తర్వాత ఆమే వచ్చి ఫోను తీసుకుంది.

"కావాలని కాదు," అన్నాడతను.

"తెలుసు. కావాలని చేసేవారైతే ఒక్కదానితో సరిపెట్టేవారు. పదకొండు తియ్యరు." ఒక్కొక్కటే జరుపుతూ చూసింది. "వీళ్ళని ఏడిపించబోయి నడుము వంకర చేసుకున్నారు. వాళ్ళు బస్సెక్కి పోయారు."

ఫోను చీరచెంగుతో తుడుస్తుందేమోనని అతను చూశాడు. తుడవలేదు. అలాగే సంచిలో వేసుకుని బస్టాపు వైపు నడిచింది.

"దొరగారూ, రెయిలింగ్ రంగు ఇంకా తడిగా ఉంది, దాని మీద చెయ్యి వేశారు," అన్నాడు ముసలాయన వెనకనుంచి.

సోమవారం ఆమె మిషను మీద ఫోటో ఉంది. చాపిన చెయ్యి, నవ్వని మొహం, అంగుళం అవతల దీపస్తంభం. కాజాలావిడ నవ్వడానికి వచ్చి, ఒంగి, తన ఫోటో తెచ్చి పక్కన పెట్టి చూసింది.

"అయితే మీ ఆయన నిజంగా అక్కడే పనిచేస్తాడన్నమాట."

"పద్నాలుగేళ్ళుగా."

"నా ఫోటో పాడుచేసింది ఆయనేనా?"

"నాది మాత్రం బాగుచేశాడా?"

కాజాలావిడ తన ఫోటో వెనక్కి తీసుకుంది. "మళ్ళీ వెళ్ళి తీయించుకుంటే?"

"నీ కుడిపక్కకి అరడుగు జరిగి నిలబడు. ఆయన తప్పుకీ నీ జరుగుడికీ సరిపోతుంది. దీపస్తంభం సరిగ్గా అరచేతిలోకి వచ్చేస్తుంది."

"ఇంత తెలిసినదానివి, మరి నువ్వు జరగలేదేం?"

ఆమె కాలరు తిరగేసి, కొన సూదితో బయటికి లాగి, రెండు వైపులా సమంగా ఉందో లేదో చూసుకుంది.

"నేనెందుకు జరగాలి," అని దారం తెంపింది.