దొంగ పేరు చెప్పేసే మనిషి

క్రోమర్ ఊళ్ళో సముద్రం ఒడ్డున అద్దె పుస్తకాల కొట్టు ఉంది. చదివిందే మళ్ళీ తెచ్చుకోకుండా, అద్దెకి తీసుకునేవాళ్ళు ఎవరికి వారు ఏడో పేజీలో పెన్సిలుతో గుర్తు పెట్టుకునేవాళ్ళు. హిల్డా మొగుడు సెడ్రిక్ గుర్తు చిన్న చేప. ఆ మనిషికి నోట్లో నువ్వుగింజ నానదు. ఆమె సగం చదివేలోపే దొంగెవరో చెప్పేసేవాడు. హిల్డా గరిటె పుచ్చుకుని వెంటపడేది.

అతను పోయాక, ఇంకెవరూ ముట్టని, చిలకని ఎవరో ఎత్తుకుపోయే ఒక చిలిపి డిటెక్టివ్ నవలలో ఆ చేప కనబడింది. అప్పట్నించీ ఆమె అదే తెచ్చుకుంటోంది.

"ఇన్నిసార్లు తీసుకెళ్ళారు, ఆ చిలకని ఎత్తుకుపోయిందెవరో ఇంకా తెలీలేదా పెద్దమ్మగారూ?" అని నవ్వింది కొట్టు నడిపే మేవిస్.

"ఆఖరి పేజీ తిప్పలేదే," అంది హిల్డా. "ఈలోగా ఆయనే చెప్పేస్తాడేమోనని చూస్తున్నా."