తాకితే భయం

మా ఆయన పోయాక నెల్లిమర్లలో ఒక్కదాన్నే ఉండేదాన్ని. కొన్నాళ్ళకి చీర అంచు తగిలినా ఒళ్ళు మండిపోయేది. ఒకరోజు నరసన్నపేట నుంచి వచ్చిన మా ఆడపడుచు నా తలకి నూనె రాయబోతే గట్టిగా అరిచి, ఆమెను తోసేశాను.

"ఏటయింది వదినా? నానేటి సేసినాను?" అని బెదిరిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

తనే నన్ను విజయనగరంలో డాక్టరుకి చూపించింది. "దిగులు ముదిరిందమ్మా. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం పనిలో తేడా వస్తే, మెత్తటి స్పర్శ కూడా ముల్లులా అనిపించొచ్చు. ఇది పొగరు కాదు, జబ్బు" అన్నారాయన.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. ఆడపడుచు నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, మా మధ్య తన సంచి పెట్టుకుంది. "మా వదినకి ఒంట్లో బాగోనేదు, తగలకండి" అని దారంతా అందర్నీ ఆపింది. తనూ నన్ను ముట్టుకోలేదు.

మందులు పనిచేయడానికి నెలలు పట్టింది గానీ, నాకో మనిషి ఉందని ఆ రోజే తెలిసింది.