వాగు మట్టి తూకం

జర చాయ్ పొయ్యుర్రి. నిన్నటితోని నా నౌకరీ ఊడింది. ఎట్ల ఊడిందో చెప్తే మీరు నవ్వుతరు, నాకేమో ఏడుపొస్తాంది.

మా వాగు మీద పెద్ద వంతెన కడ్తున్నరు గదా! దాని పునాది ఎంత లోతు తియ్యాల్నో చెప్పేది కిందున్న బంకమట్టే. ఆ మట్టి గడ్డను ముందు తూచాలె, పొయ్యి మీద ఎండబెట్టాలె, మల్ల తూచాలె. తగ్గిన బరువంత నీళ్ళే. నీళ్ళెక్కువుంటే మట్టి మెత్తన, పునాది ఆగదు. గంతే నా పని. క్యాంపుల జాగా లేదని ఇంజనీర్ సాబు తక్కెడ మా ఇంటి అర్రలనే పెట్టించిండు. తప్పు రాకుంట చేస్తే పక్కా నౌకరీ ఇప్పిస్తనన్నడు. అంతకన్న ఏం గావాలె నాకు!

మొన్న గడ్డలు ఎండబెట్టి, సల్లారేదాక బజారుకు పోయొచ్చిన. తూచిన, రాసిన, రిపోర్ట్ ఇచ్చిన.

నిన్న పొద్దుగాల సాబు పిలిచిండు.

"క్యా మియా, సగానికి సగం నీళ్ళా? గది మట్టినా, మజ్జిగనా? వంతెన నక్షా మొత్తం మార్చాల్నా?"

గడ్డలు సల్లారేటప్పుడు ఇంట్ల ఉన్నది మా ఇంటామె ఒక్కతే. ఇంటికి ఉరికి ఆమెనడిగిన. ఆమెకు ఐదో నెల. తల దించుకున్నది.

"కాలిన మట్టి వాసన కమ్మగొచ్చింది. జరంతే తిన్న."

జరంతనట! పునాదిల పావు వంతు మింగింది! తిడ్దామంటే మొఖం చూసి మనసొప్పలే. మల్ల సాబు దగ్గరికి ఉరికిన.

"సాబ్, అవి నీళ్ళు కావు. మా ఇంటామె మట్టి తిన్నది."

"ఝూట్! నీ తప్పు పెండ్లాం మీద పెడ్తవా? మట్టి ఎవరన్న తింటరా?"

సాబుకు ఇంక పెండ్లి కాలే, ఆయనకేమెరుక! మల్ల మట్టి తీద్దామంటే, తీసిన గుంత సుత పూడ్చేసిన్రు. మల్ల తూచనీకె మిగిలిన పచ్చి గడ్డ ఒక్కటే బల్ల మీదున్నది. నాకేం పుట్టిందో, టక్కున అండ్లకెల్లి ఇంత ఇరిసి నోట్లేసుకున్న. 'చూడుర్రి సాబ్, తింటరు' అందామంటే బంకమట్టికి పండ్లు అతుక్కపోయినై.

సాబు గడ్డ దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు.

"అది నేను గిప్పుడే తూచి పెట్టిన," అన్నడు మెల్లగ.

కాయితం మీద ఏమని రాసిండో తెలుసా? 'నమూనా తిన్నందుకు బర్తరఫ్.'

ఇంటికి పోయి అంతా చెప్పిన. మా ఇంటామె ఏడ్చింది, ముక్కు తుడుచుకున్నది, నన్ను ఎగాదిగా చూసింది.

"కడుపుతోనున్నది నేనైతే, నువ్వెందుకు తిన్నవయ్యా?"