ఎడమ పక్కకు తిరిగి, విశ్రామ్

ఆగస్టు 14, ఉదయం. హాజరు: స్కాన్ చేసే డాక్టరమ్మ, సిస్టర్, కర్టెన్ అవతల నా భార్య, మంచం మీద నేను, రిటైర్డ్ హవల్దార్‌ని.

తెల్లాపూర్ నుంచి గచ్చిబౌలి ఆస్పత్రి చేరేదాకా వాన. కారులో ఒక పక్కకు ఒరిగే కూర్చున్నాను. మలద్వారం పక్కన చిన్న కన్నం. చాలాకాలంగా చీము కారుతోంది. ఫిస్టులా అన్నారు. ఆ చీము దారి లోపల ఎంత కండరాన్ని దాటిందో ముందు తెలియాలి. కొంచెమే అయితే కోసి తెరుస్తారు. ఎక్కువ కండరం తెగితే మలం మీద పట్టు పోతుంది.

రేపు కాలనీలో జెండా పండుగ. పిల్లల కవాతు ఏటా నేనే నడుపుతాను, తెల్ల ప్యాంటు వేసుకుని.

సామగ్రి: వేలు లావు గొట్టం, రబ్బరు తొడుగు, జెల్. గది చల్లన. ఎడమ పక్కకు తిరిగి మోకాళ్లు కడుపులోకి ముడిచాను. స్క్రీన్ ఎదురుగా ఉంది.

"అంకుల్, బిగించండి."

బిగించాను.

"ఇప్పుడు వదిలేయండి."

వదిలాననుకున్నాను.

"వదల్లేదు అంకుల్. ఏమీ సరిగ్గా కనపడట్లేదు."

"జర వదులు జెయ్యున్రి తాతా," అంది సిస్టర్. "ఏం గాదు."

సైన్యంలో లేనివారికి ఒక మాట. సరిహద్దు పోస్టులో కాల్పులు మొదలైతే ముందు బిగిసేది అదే చోటు. ఎవరూ చెప్పుకోరు. నాకు అది అలవాటైపోయింది.

మూడోసారీ అంతే.

"ఇలా కాదు. వచ్చే వారం మత్తు ఇచ్చి చూద్దాం," డాక్టరమ్మ గొట్టం తీయబోయింది.

కర్టెన్ అవతలి నుంచి నా భార్య గొంతు. "వదులు, వదులు అంటే ఆయనకి ఎక్కదండి. నలభై ఏళ్లుగా నేనూ అంటూనే ఉన్నా. కవాతులోలా విశ్రామ్ అనండి. గట్టిగా అనాలి."

సిస్టర్ ఫక్కున నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు, గొంతు పెంచింది.

"విశ్రామ్!"

ఒళ్లు నన్ను అడగకుండానే వదులైంది.

"అలాగే ఉండండి. కదలొద్దు."

లోపలి దారి కనపడేందుకు కన్నంలోకి సిస్టర్ పెరాక్సైడ్ కొద్దిగా ఎక్కించింది. చురుక్కుమంది. పళ్లు బిగించాను. కింద బిగించలేదు. స్క్రీన్ మీద నల్లటి వలయం, దాని చుట్టూ బూడిదరంగు వలయం, పట్టునిచ్చే కండరాలు అవే. బయటి నుంచి తెల్లటి గీత ఒకటి నురగలా లోపలికి పాకింది. వలయాలను కోసుకుంటూ వెళ్లింది. పట్టు పోయినట్టే అనుకున్నాను.

డాక్టరమ్మ గొట్టాన్ని కాస్త లోపలికి జరిపింది. గీత మాయమైంది. రెండు వలయాలూ ఎక్కడా తెగకుండా నిండుగా కనిపించాయి. వెనక్కి జరిపి కొలిచింది. మళ్లీ కొలిచింది.

"కింది అంచే అంకుల్. పైనంతా బాగుంది. నిర్ణయం సర్జన్‌గారిదే, కానీ పట్టు పోయే భయం తక్కువ."

 కర్టెన్ అవతల ముక్కు చీదిన శబ్దం.

మర్నాడు పొద్దున వాన తెరిపిచ్చింది. లోపల మందపాటి గుడ్డ, పైన తెల్ల ప్యాంటు. "సావధాన్!" అన్నాను. జెండా ఎగిరింది. ఇక రెండో ఆర్డరు ఇవ్వాలి. ముందు వరుసలో నా భార్య అప్పటికే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"విశ్రామ్!"

పిల్లల కాళ్లు ఒక్కసారిగా ఎడంగా జరిగాయి. నా కళ్ల ముందు మాత్రం తెగని ఆ రెండు వలయాలే. ఆ మాట అన్నప్పుడల్లా ఇప్పటికీ అవే.