అచ్చుకాని సగం సాక్ష్యం

రాయి తల్లీ. నేను చెప్పింది చెప్పినట్టే టైప్ చెయ్యి, మధ్యలో ఇంగ్లీషులోకి మార్చకు.

నా పెళ్లయిన దగ్గర్నుంచి మన విశ్వాసుల పత్రిక ఒకటి నెలనెలా ఇంటికి వచ్చేది. నేను ముందుగా వెనక పేజీలే తిప్పేదాన్ని. ప్రభువు తమకి చేసిన మేలు గురించి జనం రాసే సాక్ష్యాలన్నీ అక్కడే ఉండేవి. డాక్టర్లు చేతులెత్తేశారు, ప్రార్థించాం, మనిషి లేచి కూర్చున్నాడు. ప్రతి నెలా ఎవరో ఒకరు లేచి కూర్చునేవారు. లేవనివాళ్లు ఆ పేజీల్లో ఎప్పుడూ కనబడలేదు. నలభై ఏళ్లు అవే చదివితే బుర్ర ఎలా తయారవుతుందో చెప్పనా? మా వీధిలో ఒకావిడ భర్త పోతే ఓదార్చడానికి వెళ్లాను. పక్కనే కూర్చుని, 'ఈవిడకి విశ్వాసం చాల్లేదేమో' అనుకున్నాను. పైకి అనలేదులే. కానీ అనుకున్నాను.

ఇక్కడ అమెరికాలో, ఈ ప్లేనోకి వచ్చాక మీ తాతయ్యకి గుండెజబ్బు బయటపడింది. "బాగుచేస్తే పత్రికలో సాక్ష్యం రాస్తాను ప్రభువా" అని మాటిచ్చాను. మనవాళ్లందరూ ఇచ్చే మాటే. ఆయన హాస్పిటల్ నుంచి వచ్చి సోఫాలో కూర్చుని, ఉప్మాలో ఉప్పు తక్కువైందన్నారు. ఆ పూటే రాసి పంపేశాను. ఆలస్యం చేస్తే మాట తప్పినట్టవుతుందని భయం. మూడు వారాలకి ఆయన పోయారు. ఆ తర్వాత రెండు నెలలకి సాక్ష్యం అచ్చయింది, నవ్వుతున్న ఫోటోతో, కింద మన ఫోన్ నంబరుతో.

మీ అమ్మానాన్నలు ఆఫీసుకి, నువ్వు స్కూలుకి వెళ్లాక ఈ ఇంట్లో ఫ్రిజ్ ఒక్కటే మాట్లాడుతుంది. శనివారం ప్రార్థనకి ఎవరైనా కార్లో ఎక్కించుకుంటేనే నేను గడప దాటేది. అక్కడ ఆడవాళ్లు నా చెయ్యి పట్టుకుని, ఏమీ అనకుండా వదిలేస్తారు. వాళ్ల మనసులో ఏముందో నన్ను అడుగు.

పోయిన వారం పక్క ఊరు కాపెల్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది.

"ఆంటీ, మా ఆయన ఐసీయూలో ఉన్నారు. మీ సాక్ష్యం మా అమ్మ పంపింది. ఆఫీస్‌లో ప్రింట్ తీసి బ్యాగ్‌లోనే పెట్టుకున్నా. అంకుల్ ఇప్పుడు వాకింగ్‌కి వెళ్తున్నారా?"

చెప్తే ఆ పిల్ల గుండె జారిపోతుంది. చెప్పకపోతే, రేపేదైనా అయితే, తప్పంతా తనదే అనుకుని నాలాగే కూర్చుంటుంది.

"పోయారమ్మా. అది రాసిన మూడు వారాలకే."



"మరి అలా ఎందుకు రాశారాంటీ?"

"అప్పటికి అది నిజమేనమ్మా."

ఫోన్ పెట్టేసింది. మళ్లీ రెండుసార్లు చేశాను, ఎత్తలేదు.

అందుకే పత్రిక ఎడిటర్ గారికి మిగతా సగం రాయించాను. నమ్మాను, ప్రార్థించాను, ఆయన పోయారు, ఇప్పటికీ ప్రార్థిస్తున్నాను, ఇది కూడా వెయ్యండి అని. ఆయన మర్యాదగానే జవాబిచ్చారు. మీ కోసం ప్రార్థిస్తున్నాం, పాఠకుల విశ్వాసాన్ని బలపరిచే సాక్ష్యాలుంటే పంపండి అని.

"అమ్మమ్మా, ఇదంతా ఇప్పుడు ఎవరికి పంపాలి?"

ఆ అమ్మాయికే. ఆగు, పంపకు. మీ ఆయన లేచినా లేవకపోయినా నీ ప్రార్థనలో తక్కువేం లేదమ్మా, అన్న మాట అన్నిటికంటే పైన పెట్టు. హాస్పిటల్లో కూర్చున్న పిల్ల కదా, కిందదాకా చదవకపోవచ్చు.