పసుపు బండ్లు అడ్డమొచ్చినయి

ఇంటర్ చదివే ఆ రోజుల్లో నా బతుకంతా రెండు బస్సుల మధ్య నడిచేది. మా ఇల్లు మాక్లూర్ దగ్గర, కాలేజీ నిజామాబాద్‌లో. సాయంత్రం నాలుగున్నర బస్సెక్కితే బుద్ధిమంతురాలిని, అయిదుంబావు బస్సెక్కితే అబద్ధాలకోరుని. ఆ మధ్యనున్న ముప్పావుగంట బస్టాండు ఎదురుగా మిర్చి బజ్జీల బండి దగ్గర ఇద్దరు స్నేహితురాళ్లతో గడిచేది. (ఏం మాట్లాడుకున్నామో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు. అప్పుడు మాత్రం అంతకంటే ముఖ్యమైన పని లోకంలో లేదు.) రోజు మొత్తంలో నాదంటూ ఉన్నది ఆ కాసేపే. మిగిలిందంతా కాలేజీది, బస్సుది, ఇంటిది.

ఇంటికి రాగానే బాపు అడిగేవాడు, "ఏమైంది బిడ్డా, గింత లేటైంది?" నా జవాబుకు తిరుగులేదు: "పసుపు బండ్లు అడ్డమొచ్చినయి బాపు." ఎండలు ముదరకముందు మార్కెట్ యార్డుకు పసుపు ట్రాక్టర్లు బారులు తీరే మాట నిజమే. పసుపు రైతైన బాపు నా సంగతి మరిచి, "సరుకు మంచిగున్నదా?" అని ఆరా తీసేవాడు. నేనూ ఏదో పండితురాలిలా చెప్పేదాన్ని.

అలవాటుపడ్డ నోరు ఊరుకుంటుందా? రెండో సంవత్సరంలో, ముసురు పట్టిన ఒక సాయంత్రం, తడిసి ముద్దై గడప దాటుతూ అదే పాఠం అప్పజెప్పాను. చేనులో కలుపు తీయించి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న బాపు చెంబు కింద పెట్టాడు. "పసుపు ఇంక చేన్లనే మోకాలెత్తు ఉన్నది బిడ్డా. యార్డుకు పోయింది ఎవరిది?" పసుపు రైతు బిడ్డనై ఉండి పసుపు ఎప్పుడు తవ్వుతారో మరిచాను. సిగ్గుతో చచ్చిపోయాను. "రేపటిసంది కాలేజి కాడికి నేనే వస్త," అన్నాడు. నా ముప్పావుగంట పోయిందని అన్నం ముందు కూర్చుని ఏడుస్తూ, బజ్జీల బండి సంగతి బాపుకు చెప్పేశాను.

అన్నట్టే నాలుగింటికల్లా పాత మోపెడ్‌తో గేటు దగ్గర ప్రత్యక్షమయ్యాడు. నాలుగు రోజులు మూతి ముడుచుకుని వెనక కూర్చున్నాను. అయిదో రోజు బజ్జీల బండి ముందు మోపెడ్ ఆపి, "గీడ అంత మంచిగుంటయా?" అన్నాడు. నన్ను స్నేహితురాళ్ల దగ్గర వదిలి, తాను దూరంగా బెంచీ మీద కూర్చుని, మమ్మల్ని చూడనట్టే రెండో ప్లేటు కూడా తెప్పించుకున్నాడు. ఇల్లు చేరేసరికి అవ్వ (మా వైపు అమ్మను అలాగే పిలుస్తాం) వాకిట్లో నిలబడి ఉంది. "గింతసేపు ఏడికి పోయిండ్రు?" బాపు మోపెడ్‌కు స్టాండేస్తూ, నా వైపు చూడకుండా, "పసుపు బండ్లు అడ్డమొచ్చినయి," అన్నాడు.

ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది, సొంత బండి ఉంది. నేనెక్కడున్నానో ఇంట్లోవాళ్లకు ఫోనులోనే కనిపిస్తుంది కాబట్టి, ఆలస్యమైనా ఎవరూ ఏమీ అడగరు. ఒక్కోసారి కావాలనే ఆ బజ్జీల దగ్గర ఆగుతాను. ఇంటికెళ్లాక ఒక్కరైనా ఎందుకాలస్యమని అడిగితే బాగుండుననిపిస్తుంది. ఏ కాలమైనా సరే, నా జవాబు సిద్ధంగానే ఉంది.